సూర్యకళ వేసిన ముడి

మా సూర్యకళ ముఖం మాడ్చుకుని కూర్చుందంటే, ఆఫీసులో ఎవరో దాన్ని చూసి నవ్వారనే అర్థం. నరసాపురంలో లేసు అల్లే లోవమ్మ కూతురది. తల్లికి చూపు మందగించి అల్లిక మానేసింది. ఇల్లు గడవడానికి ఈ పిల్ల జీతమే ఆధారం. 2003లో మా ఇంటర్నెట్ ఆఫీసులో చేరింది. నేను బిల్లులు చూసేదాన్ని, నా కుర్చీ దాని పక్కనే.

దాని పని ఊరందరికీ ఇంటర్నెట్ పంచే రౌటర్‌తో. బొమ్మలుండవు, మౌస్ పనికిరాదు, నల్ల తెర మీద కమాండ్లు కొట్టుకోవాలి. పెద్ద మాటైతే మొదటి నాలుగక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే చాలు, మిగతాది అదే పూర్తి చేస్తుంది. కొట్టింది వద్దనుకుంటే అదే కమాండ్‌కి ముందు ‘నో’ చేర్చాలి. తరవాతేం కొట్టాలో తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టాలి, ఏమేం కొట్టొచ్చో చూపిస్తుంది. మా ఇంజనీరు గణేష్‌బాబు గారినేమో ఏది అడిగినా “ఇది కూడా తెలీదా?” అంటారు. దాంతో ఈ పిల్ల మనుషుల్ని అడగడమే మానేసింది.

“మిషనైతే విసుక్కోదు బేబక్కా” అనేది నాతో.

కానీ మిషన్ అడిగినదే చెబుతుంది. కమాండ్ కొట్టగానే పని జరుగుతుంది, నిజమే. చివర సేవ్ చేయకపోతే మాత్రం కరెంటు పోగానే అంతా మరిచిపోతుంది. ఆ సంగతి దీనికెవరూ చెప్పలేదు. కరెంటు పోయినా మిషన్ ఆగకుండా చూసే యూపీఎస్ ఉండబట్టి నెలల తరబడి బండారం బయటపడలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజకి సూర్యకళే హుషారుగా రౌటర్ ఆపి, తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశాం. లైట్లు వెలిగాయి గానీ ఊళ్లో ఒక్కరికీ ఇంటర్నెట్ రాలేదు. ఫోన్లే ఫోన్లు!

“సేవ్ చెయ్యలేదా? సాయంత్రంలోగా లైన్లు రాకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు!” గణేష్‌బాబు గారు మండిపడ్డారు.

“ఈ పిల్లకి చెప్పిందెవరండీ?” అని నేను గయ్యిమన్నాను. ఆయన విననట్టు బయటికెళ్లిపోయారు.

“ఛీ, నా బుద్ధి! లేసులో ఆఖరి కుట్టుకి ముడి వెయ్యకపోతే, దారం లాగగానే అల్లిందంతా ఊడిపోతుంది. చిన్నప్పట్నుంచీ తెలిసిందే కదక్కా” అంటూ కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు. గుర్తున్నవి కొట్టింది, గుర్తులేని చోట ప్రశ్నార్థకం పెట్టింది. నేను ఒక్కో కస్టమర్‌కీ ఫోన్ చేసి, వచ్చిందా అని అడుగుతూ కూర్చున్నాను.

పొద్దు వాలే వేళకి అన్ని లైన్లూ వచ్చేశాయి. గణేష్‌బాబు గారు తిరిగొచ్చి చూశారు. నేరుగా వెళ్లి రౌటర్ ప్లగ్గు ఊడబీకారు.

“అయ్యో, అదేంటండీ!” అని నేను లేచి నిలబడిపోయాను. సూర్యకళ కదల్లేదు.

“ముడి వేశానండి” అంది.

ఆయన ప్లగ్గు మళ్లీ పెట్టారు. మేం చూస్తుండగానే లైన్లన్నీ ఒక్కొక్కటే వచ్చేశాయి. ఆయన కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నారు.

“ఇంకా ఏం తెలియవో చెప్పమ్మా. నన్నే అడుగు.”

అప్పుడేడ్చింది, పిచ్చి పిల్ల.