బావగారి వైడూర్యం

మా అక్క భర్తకు భీమవరంలో రొయ్యల మేత షాపు ఉంది. దేన్నైనా ఒక్క చూపుతో తేల్చేయగలనని ఆయన నమ్మకం. వస్తువేదైనా సరే, ఎడమ కన్ను మూసి, ఎండకేసి పట్టి చూసి, "నా కంటికి తిరుగులేదమ్మా" అంటారు. జబ్బు పట్టిన రొయ్యపిల్లల్ని మేలురకమని చెరువులో పోయించింది కూడా ఆ కన్నే.

ఒకరోజు మమ్మల్ని ఏజెన్సీ కొండల్లో, ఒకప్పుడు రంగురాళ్లు తవ్విన ఊరికి తీసుకెళ్లారు. తవ్వకాలు ఎప్పుడో ఆగిపోయాయి. వానలకు వాగులోకి కొట్టుకొచ్చిన రాళ్లనే జనం వెతుక్కుంటున్నారు. బూట్లు తడుస్తాయని బావగారు గట్టు మీదే గొడుగు వేసుకుని కూర్చున్నారు. అక్క చీర ఎగ్గట్టి, మోకాళ్ల లోతు నీళ్లలో సాయంత్రం దాకా జల్లెడ పట్టింది. చివరికి తేనెరంగు రాయి ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఏంటే ఇది, గాజుపెంకు!" అంటూ వాగులోకి విసిరేశారు.

అక్క మళ్లీ దిగి, వెతికి, దాన్ని కొంగున ముడేసుకుంది.

రాజమండ్రిలో నగల షాపాయన అది అసలైన వైడూర్యమన్నాడు. వారం తిరక్కుండా అది బావగారి ఉంగరంలోకి చేరింది.

మొన్న భోజనాల దగ్గర ఆ రాయిని తానెలా కనిపెట్టారో చుట్టాలకు చెబుతుంటే ఉండబట్టలేక, "మీరు విసిరేశారు కదా బావగారూ!" అన్నాను. సిగ్గుపడతారనుకున్నాను.

"మరి! నేను విసరబట్టే కదమ్మా మీ అక్క అంత జాగ్రత్తగా వెతికింది!" అన్నారు.

చుట్టాలు మెచ్చుకోలుగా తలలూపారు. అక్క కూడా నవ్వి, ఆయనకు ఇంకో గరిటె పప్పు వేసింది.