కుంకుమ పడిన గోపురం ముద్ర

ఆ రోజుల్లో గవర్నమెంటు ఉద్యోగం వస్తే దానితోపాటే తెలివి కూడా వస్తుందని మా ఇంట్లో అందరూ నమ్మేవారు. నేనూ నమ్మాను. (ఉద్యోగం వచ్చింది. రెండోదాని కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.) మా జిల్లాలోనే, ఒకప్పుడు రాజులేలిన ఊళ్లో, పోస్టాఫీసు గుమాస్తాగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా సొంతూరు సంగంలో మా నాయన మాత్రం మడి గట్టున కనబడినవాడికల్లా ‘మావాడు గవర్నమెంటు’ అని చెప్పేసుకున్నాడు.

అంతలో ఆ ఊరి గుళ్ల గొప్పా, రాజుల గొప్పా చాటుతూ పై నుంచి ఒక బొమ్మ ముద్ర వచ్చింది. మామూలు తేదీ ముద్రలాగే స్టాంపు మీద కొట్టాలి. కాకపోతే ఇందులో గోపురం, దాని పక్కన కోటవాకిలి ఉంటాయి. మొదటిరోజు వరండాలో బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు. “ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఆయన రాసే ముక్క మీదే నీ ఉద్యోగం ఉండేది. బొమ్మ చెదిరిందా, సంగం బస్సెక్కడమే” అని చెప్పి, పోస్టుమాస్టరు గారు ఆయన్ను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లారు.

వరుసలో మొదట నిలబడినామె బోగోలు వైపు సముద్రం ఒడ్డు నుంచి కూతురి పెళ్లికి చీరలు కొనడానికి వచ్చిన ఒక అక్క. చేతిలో పసుపు రాసిన శుభలేఖల కట్ట. నేను నల్లసిరా అద్ది మొదటి కవరు మీద ఠపీమని కొట్టాను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో, ఏందబ్బయా ఇది! శుభలేఖ మీద నల్లది కొట్టినావే! అందులోనూ గోపురం!”

“అన్ని ఉత్తరాలకీ నలుపేనక్కా. రోజూ కొట్టేది ఇదే.”

“లోపల కొట్టుకుంటే కొట్టుకోండి, మేం చూసినామా? కళ్ల ముందర కొడితే ఎట్టా ఊరుకుంటాం? మగపిల్లోడి వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్రతోపాటు పై నుంచి వచ్చిన కాగితం తీసి చదివాను. ముద్ర చక్కగా పడాలని ఉంది, రంగు గురించి ఒక్క ముక్క లేదు. (అది కూడా చెప్పాల్సిన గుమాస్తా ఉంటాడని రాసినవారు అనుకోలేదు కాబోలు.) ఇంతలో ఆమే మూటలోంచి పెళ్లికని కొన్న కుంకుమ, కొబ్బరినూనె తీసింది. రెండూ కలిపి కొత్త ప్యాడు మీద పోశాను. ఆ పూట నా బుర్ర ఏం చేస్తోందో నాకే తెలియదు. (నల్లముద్ర పడిన మొదటి శుభలేఖ ఆమె ఆడబిడ్డది. ‘దానికి ఫరవాలేదులే’ అంది.)

గోపురం ఎర్రగా దివ్యంగా పడింది. కాసేపటికి నూనె పాకి గోపురం లావెక్కింది, కోటవాకిలి ఎటుపోయిందో కనబడలేదు. అయినా వరుసలో వాళ్లంతా మాకూ ఎరుపే అన్నారు. కొత్త ముద్రలు పడిన కవర్లు సేకరించే మద్రాసు పెద్దమనిషి ఒకాయన భూతద్దం పెట్టి చూసి, “ఎరుపు చెల్లదు” అన్నాడు. ఆ వెంటనే “నాకు రెండు ఎరుపు” అన్నాడు. చెల్లుతుందా, చెల్లదా? ఆయన్ను అడిగితే ఆయన తిరిగి నన్నే అడిగాడు.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు.

“ఎవరు చెప్పినారయ్యా ఎరుపు వాడమని?”

అక్కే ముందుకొచ్చింది. “నేనే చెప్పినా సామీ. ఆ అబ్బయ్య తప్పేం లేదు. ఒకసారి మీరే చూడండి” అని ఒక శుభలేఖ ఆయన చేతిలో పెట్టింది. గోపురం కనబడగానే ఆయన అలవాటుగా కవరును కళ్లకద్దుకున్నారు. ఆ తరువాత పావుగంట సేపు నన్ను ఉతికి ఆరేశారు, రెండు కనురెప్పల మీదా ముక్కు మీదా కుంకుమతో. పోస్టుమాస్టరు గారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎర్రముద్ర పడిన ప్రతి కవరు మీదా మళ్లీ నలుపు కొట్టమన్నారు. నేను శుభలేఖల కట్ట అందుకోగానే ఆయన నా చెవి దగ్గరికి వంగి, “అవి ఇప్పుడు కాదు. ఆమె బస్సెక్కినాక లోపల కొట్టు” అన్నారు.

నెల తిరక్కుండా ఉద్యోగం ఖాయమైంది. ఆయన నా గురించి ఏం రాశారో, ఎందుకు రాశారో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. చాలా ఏళ్లకు నేనూ ఇన్‌స్పెక్టరునయ్యాను. కుర్ర గుమాస్తాలు తప్పు చేస్తే గట్టిగానే కేకలేసేవాణ్ణి. కాకపోతే నోరు తెరిచే ముందు ఒకసారి రుమాలుతో మొహం తుడుచుకునేవాణ్ణి, ఏమీ అంటుకోలేదని తెలిసి కూడా.