విల్ఫ్ పెటిట్ నేర్పిన నిలకడ

విల్ఫ్ పెటిట్‌కి తెలియని సంగతి సఫోక్ జిల్లా మొత్తం మీద ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించాడు కాబట్టి ఇంజన్ల గురించి తెలిసిందంటే సరే. బంగాళాదుంపలకి పట్టే తెగులు, పక్కింటివాళ్ళ విడాకులు, చర్చి గంటలో వచ్చిన పగులు కూడా ఆయనకే తెలుసు. అడగకపోయినా చెప్పేవాడు. వీటన్నిటికంటే బాగా తెలిసింది శనివారం వేట గురించి.

చలికాలంలో శనివారాలు ఎస్టేటు పొలాల్లో దొరలు తుపాకులు పట్టుకుని వరసగా నిలబడతారు. ఊళ్ళోవాళ్ళు కర్రలతో పొదలు కొట్టి కోడంతేసి ఫెజెంట్ పిట్టల్ని వాళ్ళ నెత్తి మీదుగా లేపుతారు. విల్ఫ్ ముప్పై రెండు చలికాలాలు పొదలు కొట్టాడు. మధ్యాహ్నం కొట్టంలో గడ్డిమోపు మీద కూర్చుని, సాసేజ్ రోల్ నములుతూ, ఆ పూట ఏ దొర ఎన్నిసార్లు గురి తప్పాడో చెప్పి అందరినీ నవ్వించాలి. ఆ అరగంట కోసమే మిగతా వారమంతా బతికేవాడంటే అబద్ధం కాదు. అడవి మూలన, పిట్టలు పక్కకి జారిపోకుండా కర్ర తాటిస్తూ ఒంటరిగా నిలబడే మూల కాపలా మనిషంటే మాత్రం ఆయనకి మహా లోకువ. నడవలేనివాడికీ, నోట్లో నాలుక లేనివాడికీ ఇచ్చే పని అనేవాడు, ఆ పని చేసే ముసలి పెర్సీకి వినపడేలా.

జనవరిలో ఆఖరి వేటనాడు విల్ఫ్ మోకాళ్ళు మొరాయించాయి. క్యాబేజీ మళ్ళలో బోర్లా పడితే ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపాల్సి వచ్చింది. వేట వ్యవహారమంతా చూసే కీపరు గాడ్‌బోల్డ్ రోజుకి పది మాటలకి మించి ఖర్చు పెట్టని మనిషి. వచ్చే చలికాలం పొదల్లోకి రావద్దని ముక్తసరిగా చెప్పేశాడు.

శనివారం పూట ఇంట్లో కూర్చోవడమంటే విల్ఫ్ లెక్కలో పాడె కట్టించుకోవడమే. పరువుగా మిగిలిన పని ఒక్కటుంది, దొరల వెనక కుక్కతో నిలబడి పడిన పిట్టల్ని ఏరించడం. తనకి కుక్క ఉందని వెంటనే చెప్పాడు. గాడ్‌బోల్డ్ ఆ కుక్కని చూసి ఉన్నాడు గనక టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అక్టోబరు ఆఖర్లో చూస్తా. నిలకడ ఉంటేనే," అన్నాడు చివరికి.

కుక్క పేరు మఫిన్. ఎనిమిదేళ్ళ స్పానియల్. అప్పటిదాకా దాని వృత్తి సోఫా. పొద్దున్న విల్ఫ్ భార్య ఐవీ పెట్టే వెన్న రాసిన టోస్టు ముక్క, మధ్యాహ్నం ఐవీతో స్లిప్పరాట, తర్వాత గుర్రు. ఐవీ తన స్లిప్పరు సోఫా వెనక్కో, మెట్ల పైకో విసిరి "నా స్లిప్పరేదే?" అంటుంది. మఫిన్ వెతికి, పంటిగాటు పడకుండా తెచ్చి ఆమె చేతిలో పెడుతుంది.

విల్ఫ్ మొదటి రోజే ఆ ఆట నిషేధించాడు. వేట విద్యలు ఆడవాళ్ళకి అర్థమయ్యేవి కావన్నాడు. వేటకుక్కకి కావలసింది నిలకడ. తుపాకి పేలినా, పిట్ట ముక్కు ముందే పడినా, యజమాని చెప్పేదాకా కదలకూడదు. ఐవీ సరేనంది. ఆమె సరేనంటే ఆ సంభాషణ అయిపోయిందని మాత్రమే అర్థం, కానీ నలభై నాలుగేళ్ళ కాపురంలో విల్ఫ్ తెలుసుకోని సంగతి అదొక్కటే.

ఏప్రిల్‌లో పెరటి పచ్చిక మీద చదువు మొదలైంది. ఒక పొడుగు ఈల వేస్తే కూర్చోవాలి. అది రెండు వారాల్లో వచ్చేసింది, ఎందుకంటే కూర్చోవడం మఫిన్‌కి పుట్టుకతోనే ఇష్టం. తర్వాత కాన్వాసు గుడ్డతో కుట్టిన ఉత్తుత్తి పిట్టల్ని విసరడం. పడిన ప్రతిదీ తనదేనని కుక్క అనుకోకుండా, సగానికి పైగా మనిషే వెళ్ళి తీసుకోవాలని, మిగతావాటికే కుక్కని పంపాలని ఆ విద్య తెలిసినవాళ్ళు చెబుతారు. విల్ఫ్ వాళ్ళకంటే ఎక్కువ తెలిసినవాడు. సగం తీస్తే సగం నిలకడ వస్తే, అన్నీ తీస్తే నిండు నిలకడ వస్తుందని లెక్క వేశాడు.

ఆరు నెలలపాటు విసిరాడు, కుంటుకుంటూ వెళ్ళి తనే తెచ్చుకున్నాడు. మఫిన్ కూర్చుని చూసింది. పక్కింటాయన కంచె మీద మోచేతులు ఆన్చి, విల్ఫ్ బాగా తయారవుతున్నాడనీ, వచ్చే నెలకి నోటితో తెస్తాడనీ ఐవీతో అన్నాడు. విల్ఫ్ వినిపించుకోలేదు. రెండు గంటలకి భోంచేసి కుర్చీలో నిద్రపోయేవాడు, ఈ జిల్లాలో ఇంత కదలని కుక్క ఇంకోటి లేదన్న తృప్తితో.

అక్టోబరు ఆఖరి శనివారం చిన్న వేట పెట్టి గాడ్‌బోల్డ్ రమ్మన్నాడు. ఐవీ కూడా ఫ్లాస్కుతో టీ పట్టుకుని బయల్దేరింది, ఊరికే చూడ్డానికని. తుపాకులు పేలాయి. పిట్టలు రాలాయి. ఓ మేజరు గారి లాబ్రడార్ గొలుసు తెంపుకున్నట్టు పరుగెత్తి ఎవరిదో పిట్టని నోట కరుచుకుని పొలం చుట్టూ తిరిగింది. మఫిన్ చెవి కూడా కదపలేదు. విల్ఫ్ మొహం మతాబాలా వెలిగింది. కొమ్ము ఊదారు, కాల్పులు ఆగాయి. కాలువ అవతల ముళ్ళపొదలో పడిన పిట్టని చూపించి గాడ్‌బోల్డ్ పంపమన్నాడు.

"మఫిన్, తే," అన్నాడు విల్ఫ్.

మఫిన్ ఆయన మొహంలోకి మర్యాదగా చూసింది. విల్ఫ్ మళ్ళీ అన్నాడు. అది ఆయన మోకాళ్ళ వంక చూసింది. కంగారులో ఈల వేశాడు, దాంతో ఇంకాస్త నిటారుగా కూర్చుంది. దొరల వరసలో దగ్గులు బయల్దేరాయి. చెవులదాకా ఎర్రబడిపోయి, ఏం చేస్తున్నాడో తెలియకుండానే విల్ఫ్ అలవాటు ప్రకారం తనే బయల్దేరాడు. కాలువలో కాలు దిగబడింది. మఫిన్ అంతా సక్రమంగానే జరుగుతోందన్నట్టు చూస్తూ కూర్చుంది.

ఐవీ ఫ్లాస్కు మూత బిగించింది.

"మఫిన్, నా స్లిప్పరేదే?"

మఫిన్ కాలువ మీదుగా, విల్ఫ్ పక్క నుంచే దూకి ముళ్ళపొదలో మాయమైంది. పిట్టని తెచ్చి ఐవీ చేతిలో పెట్టింది. గాడ్‌బోల్డ్ ఆ పిట్ట పక్కటెముకలు వేళ్ళతో తడిమి చూశాడు. ఒక్కటీ నలగలేదు.

"ఆట మానలేదన్నమాట నువ్వు," అన్నాడు విల్ఫ్ కాలువలోంచి.

"నువ్వు పడుకున్నాకే ఆడాం. నీకు నిద్రాభంగం కాకుండా."

"వచ్చే శనివారం ఎనిమిదిన్నరకి రండి, మిసెస్ పెటిట్," అన్నాడు గాడ్‌బోల్డ్. తర్వాత విల్ఫ్ వైపు తిరిగాడు. "పెర్సీ ఈ ఏడు రావట్లేదు. అడవి మూల ఖాళీగా ఉంది, కావాలంటే."

విల్ఫ్ కావాలన్నాడు. వద్దంటే ఇంట్లో కూర్చోవాలి మరి.

నవంబరు మొదటి శనివారం అడవి మూలన మూడు గంటలసేపు కర్ర తాటిస్తూ నిలబడ్డాడు. ఆ చలిలో పలకరించే మనిషి లేక పెర్సీ గుర్తొచ్చాడు. అతనికి వినపడేలా తను అన్న మాటలు గుర్తొచ్చి నిజంగానే సిగ్గేసింది. మూల కాపలావాడు కొట్టానికి అందరికంటే ఆఖర్న చేరతాడు. విల్ఫ్ చేరేసరికి సాసేజ్ రోల్స్ అయిపోయాయి. తన గడ్డిమోపు మీద ఐవీ కూర్చుని ఉంది. మేజరు గారు ఆరుసార్లు గురి తప్పారని ఆమె చెబుతుంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు, గాడ్‌బోల్డ్‌తో సహా.

ఆరు కాదు, ఎనిమిదిసార్లు తప్పాడని విల్ఫ్‌కి తెలుసు. మూల నుంచి లెక్కపెట్టాడు. "అసలు జరిగిందేమిటంటే," అని మొదలుపెట్టాడు.

ఐవీ మెళ్ళోని ఈల తీసి ఒక్కసారి పొడుగ్గా ఊదింది.

మఫిన్ టక్కున కూర్చుంది. ఆ పక్కనే ఉన్న బకెట్టు మీద విల్ఫ్ కూడా కూర్చున్నాడు.