స్నేహితుల డ్యూటీ చార్ట్

మా అమ్మాయితో ఆడుకోవడానికి ఎవరినైనా రానివ్వండి అని నేను బడికి రాసిచ్చిన మొదటి ఫిర్యాదును పోగొట్టారు. రెండోదాన్ని చదవలేదు. మూడోదాన్ని చదివి నవ్వారు. నవ్విన రోజు పెద్దసారు వేసుకున్నది నేను కుట్టిన బూడిద రంగు ప్యాంటే. నడుము ముప్పై ఎనిమిది వచ్చిందని నేను చెబితే, ముప్పై ఆరే అని పట్టుబట్టి కుట్టించుకుని, ఆనక బిగుతైందని నలుగురిలో నన్ను అన్నాడు. ఆ సంగతి వేరు. కానీ నేను మర్చిపోలేదు.

బూర్గంపాడులో మాది చిన్న టైలరింగ్ షాపు. ఊళ్ళోని ఆ ప్రైవేటు బడికి యూనిఫాంలు నేనే కుడతాను. మా ఆయన చర్ల రోడ్డులో ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆ రోడ్డు గురించి నేను పెట్టిన అర్జీలు మరో కట్ట. ఇక్కడ చెప్పేది మా అమ్మాయి గురించి.

ఆరేళ్ళప్పుడు అది షాపులో నా పక్కన కూర్చుని కాగితపు కొలతముక్కల్ని బట్ట మీద అటూ ఇటూ తిప్పుతుండేది. ఒకరోజు నేను మూడు చొక్కాలకు పరిచిన బట్టలో నాలుగు చొక్కాల ముక్కలు సర్ది చూపించింది. ఇరవై ఏళ్ళుగా కుడుతున్న నాకు ఆ నాలుగో చొక్కా కనపడలేదు. "ఈ ముక్కను తలకిందులు చెయ్యమ్మా, అది గట్లనే పడుకోవాలని ఎవరన్నరు?" అంది. నాకు గర్వంగానూ ఉంది, కాస్త అవమానంగానూ ఉంది.

ఈ సంగతి బడిలో తెలిసింది. చెప్పింది నేనే. ఎవరెవరి మీదో ఫిర్యాదులు రాసినదాన్ని, నా మీద కూడా ఒకటి రాసుకోవాలి. ఏడేళ్ళు నిండగానే రెండో తరగతి నుంచి తీసి నేరుగా ఐదో తరగతిలో కూర్చోబెడతామని పెద్దసారు అంటే, నేను ఒద్దనలేదు. వీధంతా లడ్డూలు పంచాను.

ఐదో తరగతి పిల్లలకు అది భుజం దాకా కూడా రాదు. వాళ్ళు దానికి "చిన్న మేడం" అని పేరు పెట్టారు. లెక్కల సారు బయటి పని మీద పోయిన రోజున దాన్నే బోర్డు దగ్గర నిలబెట్టేవారు. బోర్డు అందదు కాబట్టి కుర్చీ ఎక్కించేవారు. కుర్చీ ఎక్కి లెక్కలు చెప్పిన మనిషిని అన్నం గంటలో పక్కన కూర్చోబెట్టుకునేది ఎవరు?

ఆటల సారు ఇంకో అడుగు ముందుకు వేశాడు. "తలకేమన్న దెబ్బ తగిల్తే బడి పేరు పోతది, దాన్ని ఎవరూ ముట్టొద్దు" అని పిల్లలందరికీ చెప్పాడు. కానీ ఖోఖో ఆడించడం మానలేదు, ఎందుకంటే టైంటేబుల్లో ఉంది. పరిగెత్తే జట్టులో మా అమ్మాయిని వేశారు. తరిమేవాళ్ళు ముట్టుకుంటే కదా అవుటయ్యేది! మిగతావాళ్ళంతా అవుటై పోయాక కూడా అది గంట కొట్టేదాకా కూర్చున్నవాళ్ళ వరుస చుట్టూ ఒక్కతే తిరిగింది. మొదట పరిగెత్తిందట, తర్వాత నడిచిందట, చివర చివరకు కూర్చుందట. కూర్చున్నా ఎవరూ ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి రెండు జట్లూ దాన్ని వద్దన్నాయి. అది ఉంటే ఆట అవ్వదు కదా మరి.

ఇక పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలొచ్చాయి. మా దగ్గర పిల్లలు ఏ పరీక్షకైనా ముందు పెన్నులు వంతెన అవతల భద్రాచలం గుడికి తీసుకుపోయి, రాములవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చుకుంటారు. ఆ వారం వంతెన మీద లారీలు నిలిచిపోయాయి. ఎవరో ఒక తండ్రి, అంత దూరం ఎందుకనుకున్నాడో ఏమో, పెన్నుల కట్ట తెచ్చి మా అమ్మాయి చేత ముట్టించుకుపోయాడు. మర్నాడు చూస్తే బడి వరండా చివరిదాకా వరుస. పదిహేనేళ్ళ మగపిల్లలు చెప్పులు విడిచి మరీ నిలబడ్డారు. అటెండరు వరుస సరిచేస్తున్నాడు. పెద్దసారు ఫోన్లో ఫొటో తీస్తున్నాడు. ఆ ఫొటో అడ్మిషన్ల కరపత్రంలో వేశారు. నన్ను అడగలేదు.

ఆ సాయంత్రం అది షాపుకొచ్చి అడిగింది.

"అమ్మా, నేను ముట్టుకుంటే పెన్ను మంచిగ రాస్తదా?"

"రాయదు బిడ్డా."

"మరి పెన్నులను ముట్టమంటరు, ఖోఖోల నన్ను ముట్టరు. ఎందుకు?"

నాలుగో ఫిర్యాదు రాశాను.

ఆ నాలుగోదానికి జవాబు రాకముందే ఇంట్లో ఇంకోటి మొదలైంది. కొలతల కాగితం మీద ఖోఖో కోర్టు గీసుకుని, చొక్కా గుండీలను మనుషుల్లా పెట్టి, అది తనతో తనే ఆడేది. నల్ల గుండీలు ఒక జట్టు, తెల్ల గుండీలు ఒక జట్టు. ఒకరోజు వెక్కివెక్కి ఏడుస్తుంటే ఏమైందే అంటే, "నేను ఓడిపోయిన" అంది. ఎవరి చేతిలో అని అడిగితే, "నా చేతిలనే" అంది. "మరి గెలిచింది కూడా నువ్వే కదే" అన్నాను. "గెల్సినదానితోని నాకు దోస్తీ లేదమ్మా" అంది. అన్నం డబ్బా అప్పటికే వారం రోజులుగా నిండుగా తిరిగొస్తోంది.

ఆ డబ్బాను తీసుకుపోయి పెద్దసారు బల్ల మీద మూత తీసి పెట్టాను.

"చూడండి సారు. ఎనిమిదేళ్ళు రాని పిల్ల. తోటి పిల్లలు కావాలె దానికి. మూడో తరగతికి దింపండి."

"దింపుడా? ఏంది తల్లీ గట్లంటవ్! కరపత్రం అచ్చైపోయింది." డబ్బా వంక చూశాడు. "సరే, ఖమ్మం నుంచి నిపుణుడిని పిలిపిస్తా. ఇసొంటి పిల్లల మనసు మీద పెద్ద మీటింగ్ పెడదాం."

మీటింగ్ పెట్టారు. నిపుణుడు వచ్చాడు. మంచిగా మాట్లాడాడు, అబద్ధం చెప్పకూడదు. ఇలాంటి పిల్లల బుర్ర పన్నెండేళ్ళదైనా మనసు ఎనిమిదేళ్ళదే అన్నాడు. వాళ్ళకు ఓడిపోవడం కూడా కావాలన్నాడు. తప్పు చేసే స్వేచ్ఛ ఇవ్వాలన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్ళను వేదిక ఎక్కించి నలుగురికీ చూపించకూడదన్నాడు. నేను అందరికంటే ముందు చప్పట్లు కొట్టాను. ఆ సేపంతా మా అమ్మాయి అదే వేదిక మీద, కాళ్ళు నేలకు అందని కుర్చీలో, శాలువా కప్పుకుని కూర్చునే ఉంది. ఉపన్యాసం అయ్యాక ఆయన దాని బుగ్గ గిల్లి, మైకు మూతి దగ్గర పెట్టి, పదిహేడో ఎక్కం చెప్పమన్నాడు. చెప్పింది. నాకంటే ముందు ఇంకెవరో చప్పట్లు కొట్టారు.

ఆ మీటింగ్ నుంచి పెద్దసారు నేర్చుకున్నది ఒకటే, మా అమ్మాయికి స్నేహితులు లేరని. లేనిదేదైనా ఆ బడిలో చార్టు వేసి తెస్తారు. నీళ్ళ డ్యూటీ చార్టు ఉంది, ప్రార్థన డ్యూటీ చార్టు ఉంది, చెప్పుల వరుస డ్యూటీ చార్టు ఉంది. వాటి పక్కన కొత్తది అంటించారు. స్నేహితుల డ్యూటీ. రోజుకు ఇద్దరు. ఎవరైనా రాకపోతే బదులుగా ఇంకొకరు. సంతకాలకు రిజిస్టరు. చొక్కాకు పెట్టుకునే నీలం రంగు రిబ్బన్ బ్యాడ్జీలు. ఆ బ్యాడ్జీలు కుట్టే ఆర్డరు నాకే ఇచ్చారు. కుట్టాను. ఏమో, వాటితోనైనా ఒకరు దగ్గరికొస్తారేమో అనుకున్నాను.

సోమవారం అన్నం గంటలో ఐదో తరగతి ఆడపిల్లలిద్దరు బ్యాడ్జీలు పెట్టుకొచ్చి, దానికి అటొకరు ఇటొకరు బ్యాంకు ముందు వాచ్‌మెన్లలా నిలబడ్డారు.

"చిన్న మేడం, ఇయ్యాల మాది డ్యూటీ."

"కూసోండి అక్కా."

"కూసోవాలెనని చార్టుల లేదు." ఒకతె కాసేపు ఆలోచించి అడిగింది. "ఏం కూర?"

"బెండకాయ."

రెండోది రిజిస్టరు తీసి 'కూర అడిగితిమి' అని రాసుకుంది. గంట కొట్టగానే ఇద్దరూ బ్యాడ్జీలు పీక్కుంటూ పరుగు. గురువారం వంతు ఉన్న ఇద్దరికీ, బదులు పిల్లకూ జ్వరమొస్తే, 'ఈ రోజు స్నేహం లేదు' అని బోర్డు మీద రాశారు. శుక్రవారం మా అమ్మాయి ఇంటికొచ్చి, "అమ్మా, ఇయ్యాల వాళ్ళు రెండు నిమిషాలు ముందే పోయిండ్రు. సారుకు చెప్పకు, పాపం" అంది. ఫిర్యాదు చేసే అవకాశాన్ని చేతులారా వదులుకునే ఆ గుణం దానికి నా నుంచి మాత్రం రాలేదు.

రెండు నెలల్లో ఐదో తరగతి, నాలుగో తరగతి పేర్లన్నీ అయిపోయాయి. మూడో తరగతి మొదలైంది. అందులో మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కూతురి వంతు వచ్చింది. బ్యాడ్జీ పెట్టుకోమంటే జేబులో కుక్కింది. రిజిస్టరు ఇస్తే దాని మీద కూర్చుంది. "కూసోని ఏంజేస్తం, తొక్కుడు బిళ్ళ ఆడుదాం దా" అని మట్టిలో గళ్ళు గీసింది.

మూడో గడిలో మా అమ్మాయి కాలు గీత మీద పడింది.

"తొక్కినవ్! నువ్వు అవుట్!"

"నేను తొక్కలే. గీతకు వెడల్పు ఉండదు. వెడల్పు లేనిదాన్ని ఎవరూ తొక్కలేరు."

"నీ కాలికి ఉన్నదిగా వెడల్పు?"

"కాలు గడిలనే ఉన్నది."

"దొంగాట ఆడుతున్నవ్. చిన్న మేడం అంట చిన్న మేడం! నీ అసొంటి దొంగను నేనేడ చూడలే!" అని ఆ పిల్ల రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. మా అమ్మాయి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. లేచి ఆ పిల్ల జడ పట్టుకుంది.

నన్ను బడికి పిలిపించారు. వెళ్ళేసరికి ఆఫీసు గదిలో ఇద్దరూ చెరో గోడకు నిలబడి ఉన్నారు. మా దాని మోకాలికి ఎర్రమందు. పెద్దసారు టైపు చేసిన కాగితం నా ముందు పెట్టాడు. ఇస్త్రీ ఆయన కూతుర్ని చార్టు నుంచి తొలగించినట్టు, ఇకమీదట మా అమ్మాయి దరిదాపుల్లోకి రాకూడదని అందులో ఉంది. కింద తల్లి సంతకానికి చోటు.

మా అమ్మాయి నా చీర కొంగు లాగి, చెవిలో చెప్పింది. "అమ్మా, దాన్ని తీసెయ్యద్దని చెప్పు. ఆట ఇంక అయిపోలే." తర్వాత ఇంకా మెల్లగా, "నేను తొక్కిన" అంది.

కాగితాన్ని వెనక్కి తోశాను.

"నాకేం ఫిర్యాదు లేదు సారు."

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "ఏందమ్మా? ఇన్నొద్దులు నువ్వే రాస్తివి, చదవట్లేదంటివి. ఇప్పుడు నీ తరఫున నేనే రాస్తే సంతకం పెట్టనంటవా?"

"లేదంటే లేదు."

"అయితే ఆ లేదన్నది రాసియ్యి."

రాసిచ్చాను. ఫిర్యాదు లేదని ఒక వాక్యం. దాని కింద, చార్టు చింపెయ్యాలని, పిల్లను మూడో తరగతికి పంపాలని, ఇస్త్రీ ఆయన కూతుర్ని ఒక్క మాట కూడా అనకూడదని ఒక పేజీ. ఆయన చదివి, కరపత్రం సంగతి మళ్ళీ ఎత్తాడు. బడి వార్షికోత్సవం డాన్సు డ్రెస్సులన్నీ అప్పుడు నా దగ్గరే, సగం కుట్టి ఉన్నాయి. మర్నాడు చేతి మిషను, ఆ డ్రెస్సుల మూటలు ట్రాలీలో వేయించుకొచ్చి ఆయన గది ముందు వరండాలో కూర్చున్నాను. కుట్టలేదు. కూర్చున్నాను, అంతే. డాన్సు మేడం గంటకోసారి వచ్చి చూసి పోయేది. మూడో రోజు మధ్యాహ్నం పెద్దసారు బయటికొచ్చి, పొద్దున ఒక్క లెక్కల పీరియడ్ మాత్రం ఐదులో, మిగతా రోజంతా మూడులో అని ఒప్పుకున్నాడు. చార్టును అటెండరు పీకాడు. కిందపడ్డ పిన్నులు నేనే ఏరాను. డ్రెస్సులు బిగుతుగా ఉన్నాయని వార్షికోత్సవం నాడు ఆయన మళ్ళీ అన్నాడు. అదీ గుర్తుంది.

చార్టు పీకిన పది రోజులకు ఇస్త్రీ ఆయన భార్య కూతురి యూనిఫాం పట్టుకుని షాపు మెట్లెక్కింది. చొక్కా చెయ్యి భుజం దగ్గర ఊడి వేలాడుతోంది.

"గిదేంది వదినా, నీ బిడ్డ చేసిన పని! చదువుల తల్లి అంటరు, గిట్లనేనా చింపేది? పెంపకమా ఇది? ఆటల మోసం, మీదికెళ్ళి కొట్లాట!"

ఆమెకు స్టూలు వేశాను. చొక్కా మిషను మీద పెట్టుకుని చెయ్యి అతకడం మొదలుపెట్టాను. ఆమె ఇంకా చాలా అంది. నేను మధ్యలో అడ్డం రాలేదు. కుట్టు అయ్యాక దారం తెంపి, ఒక్కటే అడిగాను.

"రేపు కూడ ఆడుకుంటరా వదినా?"

"ఆడక ఏంజేస్తరు? పొద్దుగాల లేస్తే గదే లొల్లి. ఇప్పుడు కూడ మా బండి కాడనే ఉన్నది నీ బిడ్డ, బొగ్గుముక్కతోని గీత ఎంత లావుండాలెనో మా దానికి జెప్తున్నది. మా ఇస్త్రీ బొగ్గు సగం అయిపాయె."