సూదక్క పసుపు దారం

పసిపిల్లల దుప్పట్ల మీద పేర్లు కుట్టే సూదక్కకు ఒక పట్టుదల ఉంది. పేరుకు అర్థం చెప్పందే సూదిలో దారం ఎక్కించదు. "తెలియకుండా కుడితే అవి పిచ్చి గీతలే" అని గయ్యిమంటుంది. పదేళ్లుగా పక్క మిషన్ మీద కుడుతూ నేనూ తిట్లు తిన్నదాన్నే.

ఒకరోజు ఒక నిండు గర్భిణి భర్తతో వచ్చి, "కిరణ్ అని కుట్టండి" అంది.

సూదక్క నీలం రీలు అందుకుంది. "అబ్బాయని ముందే తెలుసా ఏంటి?"

"లేదండీ. ఎవరు పుట్టినా ఇదే. మావైపు అబ్బాయిలకి పెడతారు, ఈయన వాళ్లు ఉత్తరాదివాళ్లు, అమ్మాయిలకి పెడతారు. సంస్కృతం నుంచి రెండు భాషల్లోకీ వచ్చిందట. వెలుగు రేఖ అని అర్థం. మా రెండిళ్ల పెద్దలూ ఒప్పుకున్నది ఈ ఒక్క పేరుకే!"

సూదక్క నీలం పక్కన పడేసి పసుపు దారం తీసింది. అంత నాజూకైన కుట్టు ఆమె చేతిలో నేనెప్పుడూ చూడలేదు.

వాళ్లు వెళ్లాక అంది: "కొడుకు పుడతాడని మా నాన్న ముందే అనుకున్న పేరది. నేను పుట్టినా మార్చలేదు. బళ్లో మగపేరంటూ ఒకటే నవ్వులు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

అందరి పేర్లకూ అర్థం అడిగే మనిషిని, ఆమె అసలు పేరేమిటని మేమెవరమూ అడగనే లేదు.

మర్నాడు ఆమె కుర్చీకి పసుపు అక్షరాల గుడ్డ ముక్క వేలాడుతోంది.

"ఇకనుంచి ఈ పేరుకి పలుకుతావా అక్కా?" అని అడిగాను.

"పిలిచి చూడు, పలక్కపోతే అప్పుడడుగు!" అని కసిరింది.