తాజా నీళ్ళ మర్యాద

చేపలను చంపడానికి గాలమో వలో కావాలనుకుంటారు గానీ, నాకు మర్యాద ఒక్కటే సరిపోయింది. రెండు వారాల్లో ఐదు గోల్డ్‌ఫిష్‌లను పరిశుభ్రంగా చంపాను. పరిశుభ్రంగా అని మాటవరసకు అనడం లేదు.

మల్కాజ్‌గిరిలో మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిందంటే పాత నీళ్ళు పారబోసి, బిందెలు తోమి, కొత్తవి పట్టడం మా అమ్మ నాటి నుంచీ ఆచారం. నిన్నటివి పాచి నీళ్ళు. ఇంటికొచ్చిన చుట్టానికి పాచి నీళ్ళు ఇస్తామా? చేపలకూ ఇవ్వలేదు. నల్లా వచ్చినప్పుడల్లా అక్వేరియం మొత్తం ఖాళీ చేసి, పైపు నేరుగా అందులోనే పెట్టేవాణ్ణి. తొట్టి మెరిసిపోయేది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచేవి. నన్ను మెచ్చుకుంటున్నాయనుకున్నాను.

తెచ్చిన నాలుగింటిలో రెండు పోగానే, మీనమేషాలు లెక్కపెట్టకుండా నేరేడ్‌మెట్‌లో వాటిని కొన్న దుకాణానికి పరుగెత్తాను. మీనాలు ఎలాగూ లెక్కకు తేలికైపోయాయి. దుకాణదారు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే తేల్చేశాడు.

"నీళ్ళు పడలే సార్."

కొత్త ఊరికి బదిలీ అయిన గుమాస్తాకు జలుబు చేస్తే అనే మాట! "మరేం చెయ్యాలి?" అన్నాను.

"జెర ఈ నీలం మందు ఏయుండ్రి. ఇంకో జోడి తీస్కపోండ్రి. తోడుంటే పరేషాన్ గావు."

ఒంటరితనంతో చచ్చాయన్నమాట. నేను నమ్మాను. నమ్మడంలో నాకు మంచి అనుభవం ఉంది. మందు వేసిన మర్నాడే నల్లా వచ్చింది. మందుతో సహా పారబోసి తాజా నీళ్ళు పట్టాను. కొత్త జోడీ జోడీగానే పోయింది, వెనకాలే మరొకటి. మళ్ళీ వెళ్తే ఆ పెద్దమనిషి ఈసారి నా చేతులు చూశాడు.

"కొందరి హస్తవాసి గట్లనే ఉంటది సార్."

ఇంట్లో మా ఆవిడ మిగిలిన ఒక్కదాన్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది. "ఆయన అమ్ముడు, మీరు సంపుడు. ఇద్దరికి మంచిగ కుదిరింది. ఇది సుత పోతే తొట్టిల కొత్తిమీర పెడ్త, చెప్తున్న!"

ఆ ఒక్కటీ సాయంత్రానికి పక్కకు ఒరిగింది. ఆవిడ కళ్ళ ముందు పోవడం ఎందుకని, మొక్కల కోసం వరండాలో రెండు రోజులుగా పెట్టి ఉంచిన బకెట్‌లో దాన్ని వదిలేశాను. అక్షరాలా పాచి నీళ్ళు. పొద్దున్నే పారేద్దామని వెళ్తే, బకెట్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది! చెయ్యి పెడితే చటుక్కున అడుగుకు దూకింది. నన్ను గుర్తుపట్టినట్టుంది.

ఆ రోజు నల్లా తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ఇన్నాళ్ళూ ఆ వాసనను శుభ్రతే అనుకున్నాను. మన కోసం కలిపే క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది; నీళ్ళు ఓ రోజు నిలవుంటే అది ఎగిరిపోతుంది. సగం జీవితం చదువుకున్నవాణ్ణి, నాకు బకెట్ పాఠం చెప్పింది.

తిన్నగా దుకాణానికి వెళ్ళాను. "నల్లా నీళ్ళు ఓ రోజు నిలవ ఉంచాలని నీకు తెలుసా?"

"తెల్వకేంది సార్? ఎన్కల డ్రమ్ములు గందుకే కద."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలే కద."

చేపలు అమ్మేవాడికి చేపల మీద ప్రేమ ఉండాలని నేననను. బూట్లు అమ్మేవాడికి పాదాల మీద భక్తి ఉంటుందా? కానీ ఒక్క వాక్యం! ఊరికే వచ్చే వాక్యం. ఊరికే ఇవ్వాల్సి వస్తుందనే దాచుకున్నాడు. వాడి దుకాణంలో అన్నిటికన్నా చల్లని నెత్తురు గాజుకు ఇవతలే ఉంది.

వచ్చిన ఆదివారం సాయంత్రం ఆ దుకాణం ఎదుటి చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. చేపల కవరు పట్టుకుని బయటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఎదురెళ్ళి ఆ వాక్యం ఉచితంగా ఇచ్చాను. కొందరు నన్ను పిచ్చివాడనుకున్నారు, ఆ మాటా నిజమే. నాలుగో ఆయన సైనిక్‌పురి నుంచి వచ్చిన రిటైర్డు ఫౌజీ. విన్నాడు, కవరు పైకెత్తి పట్టుకుని వెనక్కి తిరిగి గుమ్మంలోంచే గర్జించాడు.

"ఏందయ్యా, గీ ముచ్చట నువ్వెందుకు చెప్పలే?"

లోపల ఇంకో ఐదుగురు గిరాకీలు తలలు తిప్పారు. దుకాణదారు నీళ్ళు నమిలాడు.

నేను ఇంకో చాయ్ చెప్పాను.