ఉన్న ఒళ్ళు సంఘం

మా లస్మయ్య మామ పుట్టినప్పుడు లేనిదేదీ ఒంటి మీదికి రానివ్వడు. కళ్ళద్దాలు వద్దు, కట్టుడు పళ్ళు వద్దు, చెవి మిషన్ అసలే వద్దు. "మరి అంగీ, ధోతి?" అని అడిగితే, "అవి నేను నేసినయ్‌రా" అంటాడు. సిరిసిల్లలో నలభై ఏళ్ళు సాంచెలు నడిపిన మనిషి. ఆ కరెంటు మగ్గాల మోతకు రెండు చెవులూ పోయాయి. అయినా మాటకు మాట బదులిస్తాడు. ఆ మోతలో పనిచేసిన వాళ్ళంతా పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చినవాళ్ళే. కోరుట్లలో నాది కళ్ళద్దాలు, చెవి మిషన్లు అమ్మే దుకాణం. సొంత మేనమామ ఇట్లా ఉంటే కడుపు మండదా మరి?

ఊరుకోక చాయ్ హోటల్ బెంచీ మీద 'ఉన్న ఒళ్ళు సంఘం' కూడా పెట్టాడు. తనతో కలిపి తొమ్మిది మంది, అందరూ సాంచెల వాళ్ళే. ఒంటికి ఏదైనా తగిలించుకున్నవాడు బయటికి, అదొక్కటే నియమం.

మొదటి ఏడాదే ఇద్దరు చనిపోయారు. ఒకరు చూపు ఆనక మెట్ల మీద నుంచి పడ్డారు. ఇంకొకరు గుండెకు మిషన్ వద్దని మొండికేశారు. కొత్తది వద్దన్నవాళ్ళు బతుకుతారా అని నన్నడిగితే, బతకరనే చెబుతాను. ఇది దుకాణం మాట కాదు. కొత్త రకం సాంచెలు వద్దన్న షెడ్లకు వరసగా తాళాలు పడటం చూసిన కళ్ళు నావి. మామ సంఘం కూడా ఆ దారినే పోతుందని నాకు దిగులు.

ఆ తర్వాతే మామకు వెళ్ళగొట్టే పిచ్చి పట్టింది. ముందు రాజనర్సు.

"కండ్లు మసకైనయ్, ఆపరేషన్ చేయించుకొని లోపల అద్దం ఏయించుకుందామా అనుకుంటున్ననే."

"నువ్వు సంఘంల లేవు. లే, నడువు."

"ఇంక చేయించుకోలే గదనే."

"మనసుల వడ్డది గదా."

రాజనర్సు పంతానికి పదిరోజుల్లో ఆపరేషన్ చేయించుకొచ్చి, ఎదుటి బెంచీ మీద కూర్చుని పేపరు గట్టిగా చదివాడు. మామకు వినబడదని గుర్తొచ్చి ఇంకా గట్టిగా చదివాడు.

పళ్ళ నొప్పి అన్నవాణ్ణి, మోకాలు పట్టుకున్నవాణ్ణి, అలా వాళ్ళతో కలిపి ఇంకో నలుగురిని తరిమాడు. చివరికి సామేలు మిగిలాడు. వెనక నుంచి వచ్చే ట్రాక్టరు హారను వినబడక రెండుసార్లు చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. పెదాలు చూసి బతికేవాడికి వీపున కళ్ళుండవు కదా. ఒకరోజు మామ అతన్నీ లేపాడు.

"నేనేం జేసిన?"

"చెవి గోక్కున్నవ్. మిషన్ మీద మనసైంది నీకు."

సామేలు తిట్టుకుంటూ జగిత్యాల ఉచిత వైద్య శిబిరానికి వచ్చాడు. అక్కడ చెవి మిషన్లు బిగించేది నేనే. "నా పేరు ఎవలు రాయించిండ్రు? మా ఇంటిదానికి ఫోనచ్చింది" అన్నాడు. రిజిస్టరు చూశాను. మామ సంతకం. పాత పేజీలు తిరగేశాను. రాజనర్సు మొదలు ఆరుగురి పేర్లూ, ఒక్కొక్కరిని వెళ్ళగొట్టడానికి ముందురోజే రాయించి ఉన్నాయి.

సాయంత్రానికి సిరిసిల్ల పోయి, చాయ్ హోటల్ బెంచీ మీదున్న మామను నిలదీశాను.

"దవఖానకు పొమ్మంటే పోతరారా మావోళ్ళు? రావద్దంటేనే పోతరు" అన్నాడు మామ. "ఇద్దరిని సంపుకున్న. సాలు."

"మరి నీ పేరు ఎందుకు రాయించలే?"

మామ తాళాలు వేసిన షెడ్ల వైపు చూశాడు. "నా చెవులల్ల ఇంక సాంచెలు నడుస్తున్నయ్‌రా. మిషన్ పెట్టుకుంటే బందైతయ్."

"ఒక్కనితోని సంఘం ఎట్ల నడుస్తదే?" అన్నాను.

"నడువది."

నా కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. అవి లేకపోతే నాకు చెయ్యి చాపినంత దూరం కూడా ఆనదు. ఎదుటి బెంచీకి చేరిన ఆ ఆరుగురు నవ్వుతున్నారని నేను చప్పుడును బట్టి తెలుసుకున్నాను, మామేమో వాళ్ళ ముఖాలను బట్టి తెలుసుకున్నాడు. నా చాయ్ గ్లాసు ఎక్కడుందోనని నేను తడుముకుంటుంటే, మామే తీసి నా చేతిలో పెట్టాడు.